దాల్చాలో ఉప్పుకు భయపడకండి

తెలంగాణలో ఏ దావత్‌కు వెళ్లినా బగారా అన్నం పక్కన దాల్చా ఉండాల్సిందే. శనగపప్పు, కొంచెం కందిపప్పు, ఎముకలతో ఉన్న మటన్, సొరకాయ ముక్కలు, చింతపండు రసం, చివర్లో ఎండుమిర్చి, కరివేపాకుతో బగార్. అచ్చంగా పప్పూ కాదు, పులుసూ కాదు, మటన్ కూరా కాదు. అయినా మూడింటి రుచీ అందులో ఉంటుంది. హైదరాబాద్ హలీంకు 2010లోనే భౌగోళిక గుర్తింపు దక్కింది. బిర్యానీ పేరు వినని ఊరు లేదు. దాల్చాకు మాత్రం ఆ పేరు రాలేదు. వచ్చినవాళ్లందరికీ కడుపునిండా పెట్టాలంటే, పెట్టింది రుచిగానూ ఉండాలంటే దీన్ని మించిన వంటకం మన దగ్గర లేదని నా నమ్మకం.

నలుగురికి వండేటప్పుడు ఎవరూ పట్టించుకోరు గానీ, యాభై మందికి వండుతున్నామంటే చాలు, పొయ్యి చుట్టూ సలహాలు మొదలవుతాయి. ‘ఉప్పు ఇప్పుడే వేయకు’, ‘నురగ తీసెయ్, మంచిది కాదు’, ‘చిటికెడు సోడా వెయ్’. ఇంతా చేసి, భయపడక్కర్లేని వాటికి భయపడతాం, భయపడాల్సిన దానికి మూత పెట్టి పడుకుంటాం.

అపోహ: దాల్చా ముస్లింల ఇళ్ల వంట, అదీ హైదరాబాద్‌లోనే.

ముస్లింల పెళ్లిళ్లలో దీని స్థానం పెద్దదే. కానీ తెలంగాణ పల్లెల్లో మతంతో పని లేకుండా బగారా అన్నం వండిన ప్రతిచోటా దాల్చా వండుతున్నారు. మటన్ కూర విడిగా ఉంటే సొరకాయతో ఉత్త దాల్చా చేసేవాళ్లూ చాలామందే. తమిళనాడులో ముస్లింల పెళ్లి విందుల్లో బిర్యానీ పక్కన దాల్చా వడ్డిస్తారు. అక్కడి నుంచి వలస వెళ్లినవాళ్ల వెంట అది మలేషియా చేరి, అక్కడి విందు అన్నాల పక్కన స్థిరపడిపోయింది.

అపోహ: ఉప్పు ముందే వేస్తే పప్పు ఉడకదు.

తరతరాలుగా వింటున్న మాట ఇది. పప్పు ఉడకడమంటే దాని కణాలను జిగురులా పట్టి ఉంచే పెక్టిన్ కరగడం. ఈ పెక్టిన్‌ను బిగించేవి కాల్షియం, మెగ్నీషియం. మనం వాడే ఉప్పులో ఉన్నది సోడియం. అది ఆ కాల్షియాన్ని తప్పించి తాను చేరుతుంది, పట్టు సడలుతుంది. అందుకే పొట్టుతో ఉన్న గింజలను కొద్దిగా ఉప్పు కలిపిన నీళ్లలో నానబెడితే పొట్టు ఇంకా మెత్తబడుతుంది. పొట్టు తీసిన శనగపప్పుకు ఆ లాభం పెద్దగా ఉండకపోవచ్చు, నష్టమైతే లేదు. పైగా ముందే వేసిన ఉప్పు పప్పు లోపలికంటా పడుతుంది. ఆఖర్లో వేసిన ఉప్పు పులుసులోనే ఉండిపోయి, పప్పు చప్పగా మిగులుతుంది.

నిజంగా పప్పును ఉడకనివ్వనిది పులుపు. చింతపండు, టమాటా, పెరుగు ఏదైనా సరే, ఆమ్లం ఉన్నచోట పెక్టిన్ కరగడానికి మొరాయిస్తుంది. నమ్మకం కుదరకపోతే రెండు చిన్న గిన్నెల్లో గుప్పెడు గుప్పెడు శనగపప్పు పోసి, ఒకదాంట్లో మాత్రం చింతపండు రసం కలిపి, రెండూ ఒకే మంట మీద ఉడికించండి. మామూలు నీళ్ల గిన్నెలోని పప్పు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వెన్నలా నలిగే సమయానికి, పులుపు గిన్నెలోది పైన మెత్తగా, మధ్యలో పలుకుగా ఉంటుంది. ఆ పలుకు పంటికింద పడితే వంటవాడిని తిట్టుకుంటాం. తప్పు మాత్రం తొందరపడి పోసిన చింతపండుది. పప్పు పూర్తిగా ఉడికిందని వేలితో నలిపి చూసుకున్న తర్వాతే పులుపు పోయాలి. సొరకాయ వేయడం కూడా పులుపుకు ముందే. లేకపోతే ఆ ముక్కలూ బిగుసుకుంటాయి.

రెండో కారణం నీళ్లు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటే పప్పు గంటలు గడిచినా కదలదు. అలాంటి ఊళ్లలో పప్పు వరకు తాగే నీళ్ల క్యాన్ వాడుకోవడం మేలు. మూడోది పాత పప్పు. వేడిలో, తేమలో నెలల తరబడి నిలవున్న పప్పు గట్టిపడుతుంది. దాన్ని ఎంత నానబెట్టినా పూర్తిగా దారికి రాదు. విందుకు పప్పు కొనేటప్పుడు ఒక గ్లాసుడు ముందురోజే ఉడికించి చూసుకుంటే ఆ రోజు గాభరా ఉండదు.

అపోహ: చిటికెడు సోడా వేస్తే అన్నీ సర్దుకుంటాయి.

సోడా క్షారం కాబట్టి పప్పును తొందరగా మెత్తబరుస్తుంది, నిజమే. అయితే దాంతోపాటు థయామిన్ అనే బి1 విటమిన్ చాలావరకు పోతుంది. కొంచెం ఎక్కువైతే సబ్బు వాసన వస్తుంది, పప్పు గుజ్జయిపోతుంది. దాల్చాలో పప్పు సగం మెదిగి, సగం రూపు తెలిసేలా ఉండాలి. గంటసేపు నానబెట్టే ఓపిక ఉంటే సోడాతో పనేముంది?

అపోహ: మెత్తని కండ వేస్తేనే మర్యాద, బొక్కలు వేస్తే పీనాసితనం.

దాల్చాకు ఇంతకన్నా అన్యాయం చేసే మాట లేదు. తొడ కండను ఎముక లేకుండా కోసి రెండు గంటలు మరిగిస్తే అది పీచుపీచుగా ఎండిపోతుంది. మెడ, పక్కటెముకలు, కాలి దగ్గరి నల్లి బొక్కలు అలా కాదు. వాటి చుట్టూ కొలాజెన్ ఎక్కువ. సన్నని మంట మీద గంటల తరబడి ఉడుకుతుంటే ఆ కొలాజెన్ జెలటిన్‌గా మారి పులుసులోకి దిగుతుంది. మంచి దాల్చా తిన్నాక పెదాలు కాస్త అంటుకున్నట్టు ఉండడానికి కారణం అదే. గరిటె జారుగా ఉన్నా చిక్కదనం తెలిసేది కూడా దానివల్లే. పది మందికైతే పావుకిలో శనగపప్పు, వంద గ్రాముల కందిపప్పు, ముప్పావుకిలో ఎముకల మటన్ సరిపోతాయి. కసాయి దగ్గర అడిగి మరీ బొక్కలు వేయించుకోండి.

ఎముకల నుంచి కాల్షియం బాగా దిగుతుందన్న మాట మాత్రం పట్టించుకోకండి. పులుసులోకి వచ్చే కాల్షియం చాలా తక్కువ. దాల్చాలో బొక్కలు వేసేది రుచి కోసం, చిక్కదనం కోసం.

అపోహ: ముందు మటన్‌ను గట్టిగా వేయిస్తే రసం లోపలే బంధించబడుతుంది.

పంతొమ్మిదో శతాబ్దపు జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ ఈ ఆలోచనకు ప్రచారం కల్పించాడు. తర్వాత చేసిన పరీక్షల్లో అది నిలవలేదు. వేయించిన ముక్క నుంచీ రసం కారుతుంది. పెనం మీద వినిపించే ఆ చిటపటలు బయటికొచ్చిన తడి ఆవిరవుతున్న చప్పుడే. అలాగని వేయించడం మానకండి. ఉల్లిపాయ, అల్లంవెల్లుల్లితో కలిపి ఎర్రగా వేయించినప్పుడు పుట్టే ఘుమఘుమ నీళ్లలో ఉడికిస్తే ఎప్పటికీ రాదు.

అపోహ: పైన తేలే నురగ విషం.

పప్పు నురగలో ఉండేది కొంత ప్రొటీన్, కొంత సపోనిన్లు. మటన్ నురగ వేడికి గడ్డకట్టిన ప్రొటీన్. వీటితో హాని లేదు. పులుసు తేటగా కనిపించాలన్నా, నురగ పొంగి కుక్కర్ విజిల్‌కు అడ్డుపడకూడదన్నా తీసేయండి.

మటన్‌ను కుళాయి కింద పెట్టి కడగడం దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. ఆ తుంపర్లతో సూక్ష్మజీవులు సింకు మీదికీ, పక్కనున్న కొత్తిమీర మీదికీ చేరతాయి. ముక్క మీదివి ఎలాగూ ఉడుకుతుంటే చస్తాయి, కొత్తిమీర మీద పడ్డవి చావవు. ఎముక నలుసులు పోవాలని కడగదలిస్తే వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి మెల్లగా కడిగి, తర్వాత సింకునూ చేతులనూ సబ్బుతో కడుక్కోండి.

అపోహ: పప్పూ మాంసమూ కలిపి తింటే అరగదు.

మన జీర్ణవ్యవస్థ రెండింటినీ ఒకేసారి సంభాళించగలదు. పైగా ఈ జోడీ వల్ల లాభముంది. పప్పులోని ఇనుము ఒంటికి అంత తేలిగ్గా పట్టదు, మాంసంతో కలిపి తిన్నప్పుడు మెరుగ్గా పడుతుంది. పప్పులో మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. ఆ లోటును మాంసమూ అన్నమూ పూడుస్తాయి. దావత్ తర్వాత కడుపు ఉబ్బరంగా ఉంటే మాత్రం అది పప్పులోని రాఫినోజ్ వంటి చక్కెరల వల్ల. వాటిని మన చిన్నపేగు అరిగించలేదు, పెద్దపేగులోని బ్యాక్టీరియా పులియబెట్టి వాయువు పుట్టిస్తుంది. పప్పు నానబెట్టిన నీళ్లు పారబోస్తే కొంత తగ్గుతుంది.

అపోహ: పది మందికి చేసిన కొలతను పదితో గుణిస్తే వంద మందికి సరిపోతుంది.

పప్పు, మటన్ వరకు నిజం. ఉప్పు కూడా దాదాపు అంతే. నీళ్ల దగ్గరే లెక్క తప్పుతుంది. ఆవిరి పోయేది గిన్నె మూతి నుంచే. అదే ఆకారంలో పదింతలు పట్టే డేగ్చా తీసుకుంటే, దాని మూతి వైశాల్యం పదింతలు పెరగదు, సుమారు నాలుగున్నర రెట్లే అవుతుంది. కాబట్టి లెక్కకు తగ్గట్టు పదింతలు నీళ్లు పోస్తే దాల్చా నీళ్లచారు అవుతుంది. ముందు తగ్గించి పోసి, పక్క పొయ్యి మీద మరిగే నీళ్లు సిద్ధంగా ఉంచుకోవాలి. లవంగం, చెక్క, షాజీరా పెద్ద గిన్నెలో ఎక్కువసేపు నానుతూ మరుగుతాయి. వాటిని ఆరేడు రెట్లతో మొదలుపెట్టి, తర్వాత రుచి చూసుకుని పెంచుకోవడం క్షేమం.

మంట పెంచితే త్వరగా అవుతుందనుకోవడం కూడా ఇలాంటిదే. హైదరాబాద్ సముద్రమట్టానికి అయిదువందల మీటర్లకు పైగా ఎత్తులో ఉంది, అక్కడ నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఒకసారి మరిగాక మంట ఎంత పెంచినా వేడి అంతకు మించదు. ఆవిరి పెరుగుతుంది, అడుగంటుతుంది. అడుగంటిన పప్పు వాసన డేగ్చా మొత్తాన్నీ పాడుచేస్తుంది. త్వరగా కావాలంటే ప్రెషర్ కుక్కర్‌లో వండుకోవాలి, అందులో వేడి 120 డిగ్రీల దాకా చేరుతుంది.

అపోహ: మిగిలింది రాత్రి బాగా మరిగించి మూత పెడితే పొద్దున దాకా పాడవదు.

అసలు భయపడాల్సింది ఇక్కడ. దాల్చా వంటి మాంసపు పప్పు పులుసులంటే క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియాకు చాలా ఇష్టం. దాని బీజాలు మరిగే నీళ్లలోనూ బతుకుతాయి. మరిగించినప్పుడు మిగతా సూక్ష్మజీవులు చచ్చి, పులుసులోని ఆక్సిజన్ కూడా బయటికి పోతుంది. దీనికి ఆక్సిజన్ లేకపోవడమే కావాలి. గిన్నె మెల్లగా చల్లారుతూ 45 డిగ్రీల దరిదాపుల్లో ఉన్నంతసేపూ ఇది సుమారు పది నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. పెద్ద డేగ్చాకు మూతి చిన్నది, పొట్ట పెద్దది. నీళ్ల లెక్క తప్పించిన ఆ కొలతే ఇక్కడ గిన్నెను గంటల తరబడి గోరువెచ్చగా ఉంచుతుంది. మూత పెడితే ఇంకా ఆలస్యం.

వాసన చూసి చెప్పేస్తామంటారు. ఈ బ్యాక్టీరియా పెరిగినా వాసన మారదు, రుచి మారదు. తిన్న ఆరు గంటల నుంచి ఒక రోజు లోపు కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనాలు పట్టుకుంటాయి. ‘దావత్‌లో ఎక్కువ తిన్నాంలే’ అని సరిపెట్టుకునే బాధల్లో కొన్ని నిజానికి ఇవే. ఆరోగ్యవంతులకు సాధారణంగా ఒక రోజులో తగ్గిపోతుంది గానీ, పసిపిల్లలకూ వృద్ధులకూ ఒంట్లో నీరు తగ్గిపోయి ప్రమాదం కావచ్చు.

చేయాల్సింది కష్టమేమీ కాదు. వడ్డన సాగుతున్నంతసేపూ దాల్చాను సన్నని సెగ మీద 60 డిగ్రీలకు తగ్గకుండా ఉంచాలి. వడ్డన అయిపోగానే మిగిలిందాన్ని వెడల్పాటి బేసిన్లలోకి, మూడంగుళాల లోతు మించకుండా తిరగపోయాలి. ఆ బేసిన్లను చల్లని నీళ్ల తొట్టిలో పెట్టి కలుపుతూ ఉంటే రెండు గంటల్లో 21 డిగ్రీలకు దిగుతుంది. అప్పుడు ఫ్రిజ్. వేడి తగ్గాక ఫ్రిజ్‌లో పెట్టాలన్న మాటను పొద్దున దాకా బయటే ఉంచమని అర్థం చేసుకోవద్దు, కాస్త వెచ్చగా ఉన్నా చిన్న గిన్నెల్లో పెట్టేయవచ్చు. మర్నాడు గోరువెచ్చగా కాక, పొగలు కక్కేలా 75 డిగ్రీలకు మించి మరిగించి తినాలి. రాత్రంతా బయట ఉండిపోయిన బగారా అన్నాన్ని మాత్రం మళ్లీ వేడిచేసినా లాభం లేదు. అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్ వదిలే ఒక విషం వేడికి లొంగదు. దాన్ని పారేయడమే మంచిది.

అపోహ: ఏ గింజైనా శనగపప్పులాగే, స్లో కుక్కర్‌లో పడేస్తే చాలు.

అమెరికాలో, బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్లు పాట్‌లక్‌ల కోసం శనగపప్పు బదులు రాజ్మాతో మటన్ వండి, పొద్దున స్లో కుక్కర్‌లో పెట్టి ఆఫీసుకు వెళ్తుంటారు. ఎర్ర రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషపదార్థం ఎక్కువ. నాలుగైదు పచ్చి గింజలు తిన్నా కొన్ని గంటల్లోనే వాంతులు పట్టుకోవచ్చు. స్లో కుక్కర్‌లో వేడి చాలాసార్లు మరిగే స్థాయికి చేరదు, 80 డిగ్రీల దగ్గర ఉడికిన రాజ్మాలో ఆ విషం తగ్గకపోగా పెరిగే అవకాశం కూడా ఉంది. రాజ్మాను కనీసం అయిదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో అరగంట తెర్లేలా మరిగించిన తర్వాతే స్లో కుక్కర్‌లో వేయాలి. డబ్బాల్లో వచ్చే రాజ్మా ముందే పూర్తిగా ఉడికినది, దాన్ని నేరుగా వాడుకోవచ్చు.