ఆకాశం పేరు... అందరికీ అందే కారు!

స్పోర్ట్స్ కారంటే కోటీశ్వరుల గ్యారేజీలోనే ఉండాలా? అక్కర్లేదని 35 ఏళ్లపాటు నిరూపించిన కారు ఒకటుంది. అదే టయోటా సెలికా. ఏడు తరాలు చూసిన ఆ కారు 2006లో సెలవు తీసుకుంది. అంతగా ఆదరించిన జనమే దాన్ని ఎందుకు వదిలేశారు?

సెలికా అంటే లాటిన్ మూలంలో 'ఆకాశానికి చెందినది' అని అర్థం. పేరు ఆకాశానిదే అయినా ధర మాత్రం నేలమీదే ఉండేది. 1970 డిసెంబరులో జపాన్‌లో తొలి సెలికా వచ్చినప్పుడు దాని లోపలి భాగాలు చాలావరకు కరీనా అనే కుటుంబ కారువే. పైన సోకు, లోపల పొదుపు... అదీ కిటుకు! అలాగని తేలిగ్గా తీసిపారేయడానికి లేదు. 1990లో ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్ గెలిచిన కార్లోస్ సైంజ్ నడిపింది సెలికానే.

ఆరు వేలు దాటితే అసలు మజా

1999లో వచ్చిన ఏడో తరమే ఆఖరిది. కాలిఫోర్నియాలోని టయోటా డిజైన్ స్టూడియో గీసిన పదునైన గీతలు, కోసుగా పైకి సాగిన దీపాలు... చూడగానే కుర్రకారు మనసు పారేసుకున్నారు. అమెరికాలో మామూలు రకం ధర 17 వేల డాలర్లకు అటూఇటూ. అందులోని 1.8 లీటర్ల ఇంజినును కరోలా కారుకీ వాడేవారు. విడిభాగాలకు వెతుక్కునే పని లేదన్నమాట.

ఇక ఖరీదైన రకం సంగతే వేరు. యమహాతో కలిసి చేసిన దాని ఇంజినుకు రెండు స్వభావాలు! మామూలు వేగంలో బుద్ధిగా నడుస్తుంది. నిమిషానికి ఆరు వేల చుట్లు దాటిందంటే మరో పెద్ద క్యామ్ రంగంలోకి దిగి వాల్వులను ఇంకా ఎక్కువగా తెరుస్తుంది. గాలి, పెట్రోలు ఎక్కువ అందడంతో కారు ఒక్కసారిగా దూసుకెళ్తుంది. అమెరికా మోడల్‌కి 180 హార్స్‌పవర్. ఆ ఇంజినునే తర్వాత లోటస్ ఎలీజ్‌లోనూ పెట్టారు. అయితే గేరు కాస్త ముందుగా మార్చితే ఆ ఊపు కాస్తా పోయేది. నడిపేవాడికి నేర్పు ఉండాల్సిందే!

మనసు సరే... సామానెక్కడ?

2000లో అమెరికాలో 50 వేలకు పైగా అమ్ముడైన సెలికా, 2004 నాటికి 10 వేలు కూడా దాటలేదు. కారణం కారులో లోపం కాదు, కాలంలో మార్పు. వెనక సీటు పేరుకే ఉంది. పెళ్లై పిల్లలు పుట్టాక ఆ రెండు తలుపుల కారుతో కుదరదు. యువకులకు బీమా భారం వేరే. చూస్తుండగానే ఎత్తయిన ఎస్‌యూవీలు మార్కెట్‌ను ఆక్రమించాయి. అదే కంపెనీ 2000లో మన రోడ్లమీదికి తెచ్చింది ఇంటిల్లిపాదినీ ఎక్కించుకునే క్వాలిస్‌నని గుర్తుచేసుకుంటే, లెక్క ఎటు మొగ్గిందో తెలిసిపోతుంది. అమెరికాలో 2005లో, జపాన్‌లో 2006 ఏప్రిల్‌లో సెలికా కథ ముగిసింది.

నిజంగా ముగిసిందా? సెలికాను మళ్లీ తెస్తామని 2024 చివర్లో టయోటా ఉన్నతాధికారి ఒకరు చెప్పారు. అయితే అభిమానులు అడిగేది ఒకటే... వస్తే రానీ, ఈసారీ మామూలు ఉద్యోగి జీతానికి అందుతుందా?