దారిస్తే పోయేదేముంది?

రెండు వరసల రోడ్డు మీద ముందు బండిని దాటడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ముందున్నవాడు, వెనకున్నవాడు, ఎదురొచ్చేవాడు ముగ్గురూ సహకరిస్తేనే అది క్షేమంగా ముగుస్తుంది. ముగ్గురిలో ఏ ఒక్కరు దాన్ని పరువు కింద జమకట్టుకున్నా మిగిలిన ఇద్దరి ప్రాణాలూ గాల్లో ఉన్నట్టే. నెల్లూరు పడమటి మెట్ట దారుల్లో ఓవర్‌టేకింగ్ గురించీ, దాని వెంటే వచ్చే కోపం గురించీ ఈవారం ముఖచిత్ర కథనం.

సీతారామపురం నుంచి పడమరగా బయల్దేరితే కాసేపటికే కొండ మొదలవుతుంది. ఎక్కి దిగితే కడప జిల్లా, పోరుమామిళ్ల. సింగరాయకొండ నుంచి కందుకూరు, పామూరు, చంద్రశేఖరపురం మీదుగా వచ్చి మైదుకూరు చేరే 167బి జాతీయ రహదారి ఈ ఘాటు మీదుగానే పోతుంది. దక్షిణాన ఆత్మకూరు వైపు దిగితే కృష్ణపట్నం రేవు నుంచి నెల్లూరు, సంగం, ఆత్మకూరు, బద్వేలు మీదుగా కర్ణాటకకు పోయే 67వ నంబరు రహదారి. ఊళ్లవాళ్లకు అది ఇప్పటికీ ముంబై రోడ్డే.

ఈ దారుల మీద ఏమేం తిరుగుతాయో ఒక్కసారి తలుచుకోండి. ఉదయగిరి, ఆత్మకూరు డిపోల పల్లెవెలుగు బస్సులు, కర్ర లోడు లారీలు, ట్రక్కు తగిలించుకున్న ట్రాక్టర్లు, మనుషుల్ని కుక్కుకున్న ఆటోలు, రెండు గడ్డిమోపుల నడుమ మనిషి కనపడని టీవీఎస్ మోపెడ్లు, ఘటిక సిద్ధేశ్వరం పోయే భక్తుల కార్లు. వాటి మధ్యలో దేశమంతా పేరున్న నెల్లూరు గొర్రెల మంద. పంట ఇంటికొచ్చే రోజుల్లో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేరుస్తారు. నడక వేగం నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగం దాకా అన్నీ ఒకే తారు పట్టీ మీద సర్దుకోవాలి. అందుకే ఇక్కడ ముందు బండిని దాటడం సరదా కాదు, తప్పనిసరి. గొడవంతా ఎక్కడ దాటుతున్నాం, ఎవరిని అడిగి దాటుతున్నాం అన్న దగ్గరే.

ఎనిమిది సెకన్ల లెక్క

ముందు లారీ గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుందాం. వెనక కారు 70తో దాన్ని దాటాలి. తేడా 20 కిలోమీటర్లు, అంటే సెకనుకు ఐదున్నర మీటర్లు. లారీ పొడవు, కారు పొడవు, దాటకముందు వదిలిన ఎడం, దాటాక మళ్లీ ఎడమకు రావడానికి కావలసిన ఎడం అన్నీ కలిపి 45 మీటర్లకు తగ్గవు. ఆ 45 మీటర్లు గెలుచుకోవడానికి ఎనిమిది సెకన్లు పడుతుంది. అంతసేపూ కారు ఎదుటివాళ్ల వరసలోనే ఉంటుంది. ఆ వరసలో 155 మీటర్లు పోతుంది. ఎదురుగా ఇంకో బండి అదే 70తో వస్తుంటే అదీ 155 మీటర్లు ముందుకొస్తుంది. అంటే కనీసం 310 మీటర్ల మేర రోడ్డు ఖాళీగా కనపడితే తప్ప కుడికి తిప్పకూడదు. ఘాటు మలుపులో అంత దూరం కనపడనే కనపడదు.

ఇక ఈ లెక్కలోకి రోషాన్ని తెచ్చి చూడండి. కారు పక్కకు రాగానే ‘నన్నే దాటతావా’ అని లారీ డ్రైవరు 50ని 60 చేశాడు. తేడా సగానికి పడిపోయింది. ఎనిమిది సెకన్లు పదహారయ్యాయి. కావలసిన 310 మీటర్లు 620 అయ్యాయి. లారీ డ్రైవరు చేసింది పది కిలోమీటర్ల వేగం పెంచడమే. ఎవరినీ గుద్దలేదు, ఎవరినీ తిట్టలేదు. అయినా కారులో ఉన్నవాళ్లను, ఎదురొచ్చే బైకు మీది దంపతులను చావు ముందు నిలబెట్టాడు. తనను దాటుతున్నప్పుడు వేగం పెంచకూడదని, దాటేవాడికి అడ్డుపడకూడదని రోడ్డు నిబంధనల్లోనే ఉంది. మన దగ్గర ఎక్కువమంది ఓవర్‌టేకింగ్ నిబంధనలన్నీ దాటేవాడికేననుకుంటారు. దాటించుకునేవాడికీ ఉన్నాయి.

మరి ఆగితే నష్టమెంత? పది కిలోమీటర్ల ఘాటును 60తో పోయేవాడికి పది నిమిషాలు పడుతుంది. లారీ వెనక 40తో నింపాదిగా పోతే పదిహేను. మొత్తం పందెం ఆ ఐదు నిమిషాల మీదే.

లైటు ఏమంటోంది?

డ్రైవర్లు మాట్లాడుకునేది హారన్లతో, లైట్లతో. ఆ భాషలో ఒకే సైగకు రెండు అర్థాలుండటమే ప్రమాదం. ముందు లారీ కుడి ఇండికేటర్ వేసింది. ‘నేను కుడికి తిరుగుతున్నా’ అని కావచ్చు, ‘ఖాళీగా ఉంది, పో’ అనీ కావచ్చు. కొన్ని చోట్ల దారిచ్చేవాడు ఎడమ ఇండికేటర్ వేస్తాడు. కనుక ఇండికేటర్ చూసి దాటకండి, రోడ్డు చూసి దాటండి. క్లీనరు చెయ్యూపినా అంతే. అతను రమ్మన్నది నిజమే కావచ్చు, ఎదురొచ్చే బండి అంచనా మాత్రం మీది.

ఎదురుగా వచ్చేవాడు లైట్లు గబగబా కొడితే మన రోడ్ల మీద దాని అర్థం ‘నేనొస్తున్నా, ఆగు’ అని. ఇంగ్లండులో అదే సైగను చాలామంది ‘నువ్వు పో’ అన్నట్టు వాడతారు. అక్కడ బండి నడిపి సెలవులకు ఇంటికొచ్చిన మనవాళ్లు ఈ తేడాను గుర్తుపెట్టుకోవడం మంచిది. కొండ మీద ఇంకో పద్ధతి ఉంది: ఇద్దరికీ చాలని చోట ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. లోడుతో ఎక్కుతున్న లారీ ఒకసారి ఆగితే మళ్లీ కదలడం కష్టం, వెనక్కి జారితే ఇంకా కష్టం. ఇది మర్యాద మాత్రమే కాదు, నిబంధన కూడా.

కోపానికీ కొలతలున్నాయి

రోడ్డు మీద కోపం ఆపుకోలేనిది అంటాం. నిజానికి అది మనిషిని చూసి, బండిని చూసి మరీ వస్తుంది. ఆంథొనీ డూబ్, అలన్ గ్రాస్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలిఫోర్నియాలో చేసి 1968లో ప్రచురించిన ప్రయోగం ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. పచ్చలైటు పడ్డాక కూడా ముందు కారు కదలకుండా నిలబెట్టారు. కొన్నిసార్లు ఖరీదైన కొత్త కారు, కొన్నిసార్లు డొక్కు కారు. డొక్కు కారు వెనక ఇరుక్కున్నవాళ్లలో 84 శాతం మంది పన్నెండు సెకన్లలోపే హారన్ కొట్టారు. ఖరీదైన కారు వెనక ఉన్నవాళ్లలో సగం మందే కొట్టారు.

మన దగ్గర ఈ ప్రయోగం రోజూ జరుగుతూనే ఉంది. మంత్రిగారి కాన్వాయ్ వస్తే మట్టి మార్జిన్‌లోకి దిగి మరీ నిలబడతాం, కోపం రాదు. పన్నెండు చక్రాల లారీ అడ్డొస్తే సణుక్కుని ఊరుకుంటాం. గడ్డిమోపు మోపెడ్ మీది ముసలాయన ఒక్క క్షణం అటూఇటూ అయితే మాత్రం అద్దం దించి ‘ఏంది పెద్దాయనా, కళ్లు కనపళ్ళా?’ అని అరుస్తాం. కాన్వాయ్ ముందు అణచుకోగలిగిన కోపాన్ని మోపెడ్ ముందు అణచుకోలేకపోవడమేమిటి? అణచుకోగలం. అక్కర్లేదనుకుంటున్నాం, అంతే.

కుర్రవాళ్ల బైకుల మీద దీనికి ఇంకో అండ దొరుకుతుంది. వెనక కూర్చున్న స్నేహితుడు ‘వాడు మనల్ని దాటిపోయినాడ్రా’ అన్నాడంటే ముందున్నవాడి చెయ్యి ఊరుకోదు. ఒంటరిగా ఉంటే వదిలేసేవాడే. చూసేవాళ్లుంటే పౌరుషం పెరుగుతుంది. అందుకే బండిలో పక్కన కూర్చున్నవాళ్లదీ ఇందులో భాగముంది.

హారన్‌తో మొదలై

2023 అక్టోబరు చివర్లో మన జిల్లాలోనే కావలిలో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. అడ్డుగా ఉన్న బైకును తప్పుకోమని ఆర్టీసీ బస్సు డ్రైవరు హారన్ కొట్టారు. మాటామాటా పెరిగింది. అక్కడితో ముగిసిందనుకున్న గొడవ కారెక్కి బస్సును వెంబడించింది. మద్దూరుపాడు దగ్గర బస్సును ఆపి, డ్రైవరును కిందికి లాగి గుంపుగా కొట్టారు. ఎవరో తీసిన వీడియో రాష్ట్రమంతా తిరిగాక పోలీసులు అరెస్టులు చేశారు. 2020 జనవరి 1న ఆర్టీసీ ఉద్యోగులు ప్రజా రవాణా శాఖ పేరుతో ప్రభుత్వంలో కలిశారు. విధుల్లో ఉన్న బస్సు డ్రైవరు మీద చెయ్యి చేసుకోవడమంటే ప్రభుత్వోద్యోగి మీద చేసుకోవడమే.

పంజాబ్‌లోని పాటియాలాలో 1988 డిసెంబరు 27న రోడ్డు మధ్యలో నిలిపిన జీపును తీయమన్నందుకు మొదలైన గొడవలో 65 ఏళ్ల గుర్నామ్ సింగ్ చనిపోయారు. క్రికెటర్ నవజోత్ సింగ్ సిద్ధూ మీద ఆ కేసు ముప్ఫైమూడేళ్లకు పైగా నడిచింది. కింది కోర్టు 1999లో వదిలేసింది, హైకోర్టు 2006లో శిక్ష వేసింది, సుప్రీంకోర్టు 2018లో వెయ్యి రూపాయల జరిమానాతో సరిపెట్టింది, అదే కోర్టు 2022 మే 19న ఏడాది జైలు విధించింది. గొడవకు పట్టింది కొన్ని నిమిషాలు.

కోపం లేకపోయినా తొందర ఒక్కటే చాలు. 2025 సెప్టెంబరు 17న సంగం మండలం పెరమన దగ్గర ఆత్మకూరు వైపు పోతున్న కారును రాంగ్‌రూట్లో ఎదురొచ్చిన టిప్పరు ఢీకొట్టింది. కారులో ఉన్న ఏడుగురూ చనిపోయారు, వాళ్లలో పసిబిడ్డ కూడా ఉంది. దేశం మొత్తం మీద 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం ఆ మరణాల్లో 70 శాతానికి పైగా అతివేగం పద్దులోనే ఉన్నాయి.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రమాదకరమైన డ్రైవింగ్‌ది. నిబంధనలకు విరుద్ధంగా ఓవర్‌టేక్ చేయడం, ఎదురు దిశలో నడపడం, చేత్తో ఫోను పట్టుకుని నడపడం దాని కిందికే వస్తాయని 2019 సవరణలో విడమరిచి రాశారు. మొదటిసారికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు గానీ, వెయ్యి నుంచి ఐదు వేల రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ. నిర్లక్ష్యంగా నడిపి ఎదుటివాడి చావుకు కారణమైతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు. దారికడ్డంగా బండి పెట్టి ఎవరినైనా కదలనివ్వకపోవడం కూడా నేరమే.

మలుపు దగ్గర, మిట్ట ఎక్కుతున్నప్పుడు, ఇరుకు వంతెన మీద, ముందు దారి కనపడని ఏ చోటైనా దాటకూడదు. వెనకవాడు అప్పటికే మనల్ని దాటడం మొదలుపెట్టి ఉంటే మనం ముందువాడిని దాటబోకూడదు. మధ్య గీత తెంపు లేకుండా ఉంటే దాన్ని తొక్కకూడదు. చట్టంలో లోటేమీ లేదు. కానీ ఘాటులో ప్రతి మలుపుకూ ఒక పోలీసును నిలబెట్టలేం కదా. అక్కడ చట్టం పనిచేయాలంటే స్టీరింగు పట్టుకున్నవాడే దాన్ని పాటించుకోవాలి.

వెంటపడితే ఏం చేయాలి?

వెనక బండి హారన్ కొడుతూ మీదికొస్తుంటే ఎడమకు జరిగి, ఖాళీ చోటు చూసి వేగం తగ్గించి పోనివ్వండి. ‘పో అబ్బయ్యా, పో’ అనుకుంటే చాలు. బుద్ధి చెప్పడానికి సడెన్ బ్రేకు వేయకండి. అతను గుద్దితే తప్పెవరిదన్న సంగతి ఆస్పత్రిలో తేల్చుకోవలసి వస్తుంది.

దాటుతున్నవాడు లెక్క తప్పితే అతనిది తప్పే. అయినా మీరు బ్రేకు నొక్కి అతనికి చోటివ్వండి. ఎదురెదురు గుద్దుకుంటే ఆ ముక్కలు మీ మీదికే వస్తాయి. మీరే దాటుతూ సందేహపడితే సగం దూరం వచ్చామని మొండికెయ్యకండి. వేగం తగ్గించి మళ్లీ లారీ వెనక్కే రండి. అందులో నామోషీ ఏమీ లేదు.

ఎవడైనా కావాలని సతాయిస్తుంటే అతని కళ్లలోకి చూడకండి, చెయ్యి ఊపకండి, ఫోను ఎత్తి అతని ముందే వీడియో తీయకండి. నంబరు గుర్తుపెట్టుకుంటే చాలు. వెంటపడుతున్నాడనిపిస్తే అడవి దారిలో దిగకండి, ఇంటికీ పోకండి, మీ ఇల్లు అతనికి చూపించినట్టవుతుంది. అద్దాలెత్తి, తలుపులు లాక్ చేసుకుని జనమున్న చోటికి, అంటే పోలీసు స్టేషనుకో, పెట్రోలు బంకుకో, బస్టాండుకో పోండి. 112కు ఫోను చేయండి. జాతీయ రహదారి మీదైతే 1033 కూడా ఉంది. పోలీసులకు అన్నీ చెప్పండి: ఎక్కడ, ఎన్నింటికి, ఏ బండి.

నేర్పేదెవరు?

లైసెన్సు పరీక్షలో ‘8’ వేయిస్తారు, ‘హెచ్’ తిప్పిస్తారు, ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలించమంటారు. ఎదురుగా బండి వస్తుండగా ముందు లారీని దాటాలా, ఆగాలా అన్న నిర్ణయాన్ని మాత్రం ఎవరూ పరీక్షించరు. ఆ పాఠం ఇంట్లో నాన్న దగ్గరో, బాబాయి దగ్గరో, లారీ మీద గురువు దగ్గరో అబ్బుతుంది. వాళ్లకు రోషముంటే రోషం, నిదానముంటే నిదానం. కనుక కొత్తగా లైసెన్సు తీసుకున్న అబ్బాయిని, అమ్మాయిని ఒకసారి ఘాటుకు తీసుకెళ్లండి. కొండ ఎక్కి దిగేదాకా ఒక లారీ వెనకే నడపమనండి. అద్దంలో వెనకవాడు తొందరపడుతుంటే ఎక్కడ జరిగి దారివ్వాలో చూపించండి.

రోడ్డు వైపు నుంచీ చేయాల్సింది ఉంది. నిదానంగా ఎక్కే లారీ పక్కకు తప్పుకోవడానికి అక్కడక్కడా విశాలమైన చోటు, మలుపుల్లో అద్దాలు, లోయ అంచున కడ్డీలు, ఏటా మళ్లీ వేసే మధ్య గీతలు. ఇవన్నీ ఉన్నచోట దారివ్వాలనుకునేవాడికి దారివ్వడం తేలికవుతుంది. దారివ్వాలనే లేనివాడికి నాలుగు వరసల రోడ్డు వేసినా చాలదు.