చదరంగపు బల్ల ముందు ఒక బాలిక

బాలలూ! మీలో చాలామందికి చదరంగం తెలిసే ఉంటుంది. తాతగారో, పెదనాన్నగారో అరుగుమీద కూర్చుని ఆడుతూంటే పక్కన చేరి చూసే ఉంటారు. ముట్టుకున్న పావును కదపాలి, వదిలిన పావును మళ్ళీ తీయరాదు అని వారు గదమాయించడం కూడా వినే ఉంటారు. ఈ చిన్న నియమంతో ముడిపడిన పెద్ద కథ ఒకటి చెబుతాను, వినండి.

ఐరోపాలో హంగరీ అనే దేశం ఉంది. దాని రాజధాని బుడాపెస్టు. 1976 జులై 23న ఆ నగరంలో జూడిత్ పోల్గార్ పుట్టింది. ముగ్గురు అక్కచెల్లెళ్ళలో ఆమే ఆఖరిది. తండ్రి లాస్లో, తల్లి క్లారా ఉపాధ్యాయులు. మేధావులు పుట్టుకతో రారు, చక్కని శిక్షణ వల్లనే తయారవుతారు అని లాస్లో నమ్మకం. అందుచేత పిల్లలను బడికి పంపక ఇంట్లోనే చదువు చెప్పారు, చదరంగం నేర్పారు.

నేను ఎన్నో ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి. పిల్లలందరినీ బడి మాన్పించమని సలహా ఇవ్వను! కాని తల్లిదండ్రులు గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ ఇంట్లో చదరంగపు పావులను మొదట చూసి ముచ్చటపడినది నాలుగేళ్ళ పెద్దక్క సుసాన్. ముందు పిల్లకు ఇష్టం కలిగింది, సాధన దాని వెనుక వచ్చింది. అక్కలు సుసాన్, సోఫియా ఆడుతూంటే చూసి చూసి జూడిత్ కూడా బల్ల ముందు చేరింది.

1988లో గ్రీసు దేశంలో చదరంగం ఒలింపియాడ్ జరిగింది. అంతవరకు సోవియట్ మహిళల జట్టు ఆ పోటీకి వచ్చిన ప్రతిసారీ గెలిచేది. ఈసారి హంగరీ మహిళలు దాన్ని వెనుకకు నెట్టి స్వర్ణపతకం అందుకున్నారు. నలుగురున్న ఆ జట్టులో ముగ్గురు పోల్గార్ సోదరీమణులే! పన్నెండేళ్ళ జూడిత్ 13 ఆటలాడి 12 గెలిచింది, ఒకటి సమం చేసింది.

ఆ పైన ఆమె మగవారితోనే పోటీపడతానని పట్టుబట్టింది. ఆడవారు ఈ ఆటలో మగవారికి సరితూగరని పెద్ద పెద్ద ఆటగాళ్ళే అంటూండే రోజులవి. జూడిత్ వారితో వాదం పెట్టుకోలేదు. 1991 డిసెంబరులో, స్త్రీపురుషులు కలిసి ఆడే హంగరీ జాతీయ పోటీలో ప్రథమురాలై గ్రాండ్‌మాస్టరు అయింది. చదరంగంలో అంతకు మించిన బిరుదు లేదు. అప్పుడామె వయసు 15 ఏళ్ళ 4 నెలలు. 1958లో అమెరికా దేశస్థుడు బాబీ ఫిషర్ నెలకొల్పిన రికార్డు దానితో చెదిరిపోయింది.

ఇక అసలు కథ. 1994లో స్పెయిన్ దేశంలోని లినారెస్‌లో జూడిత్ ప్రపంచ విజేత గారీ కాస్పరోవ్‌తో ఆడింది. అప్పటికామెకు 17 ఏళ్ళు. ఆట మధ్యలో కాస్పరోవ్ తన గుర్రాన్ని ఒక గడిలో పెట్టి, అంతలోనే మనసు మార్చుకుని వేరే గడికి జరిపాడు. చెయ్యి వదిలాడా, లేదా? క్షణంలో నాలుగో వంతు సేపు వదిలినట్టు తరువాత టెలివిజన్ చిత్రాల్లో కనబడింది. వదిలినట్టు తనకు తెలియలేదని కాస్పరోవ్ అన్నాడు. జూడిత్ అప్పుడు న్యాయనిర్ణేతకు ఫిర్యాదు చేయలేదు. ఆట ఓడిపోయింది.

మీరైతే ఏం చేసేవారు? బల్ల తన్ని లేచిపోయేవారా? ఆటే మానుకునేవారా? జూడిత్ మాత్రం ఆడుతూనే ఉంది. ఎనిమిదేళ్ళు గడిచాయి. 2002 సెప్టెంబరులో మాస్కో నగరంలో రష్యా జట్టుకూ, తక్కిన ప్రపంచపు జట్టుకూ పోటీ జరిగింది. మళ్ళీ కాస్పరోవ్ ఎదురుగా కూర్చున్నాడు. అప్పటికి ప్రపంచ ఆటగాళ్ళ పట్టికలో మొదటి పేరు అతనిదే. జూడిత్ 42 ఎత్తుల్లో అతన్ని ఓడించింది!

2004లో ఆమె స్త్రీపురుషులందరిలోనూ ప్రపంచంలో ఎనిమిదో స్థానానికి ఎక్కింది. 1989 నుంచి 2014లో పోటీల నుంచి విరమించుకునే వరకు, మహిళల్లో ఆమెను మించినవారు లేరు.

చివరగా మన ముచ్చట ఒకటి. అతి చిన్న వయసులో గ్రాండ్‌మాస్టరు అయిన మహిళగా జూడిత్ నెలకొల్పిన రికార్డును 2002లో మూడు నెలల తేడాతో దాటింది ఎవరో తెలుసా? గుడివాడలో పుట్టిన మన కోనేరు హంపి! ఆమెకు కూడా మొదటి గురువు తండ్రిగారే.

ఈసారి ఆటలో మీకు అన్యాయం జరిగిందనిపిస్తే, నియమం తెలిసిన పెద్దలకు మర్యాదగా చెప్పండి. అది తప్పు కాదు. కాని ఆట మాత్రం మానకండి. ఓడినరోజు సాయంత్రం కూడా పావులను వరుసగా పేర్చి పెట్టుకోండి, రేపటి ఆట కోసం.