రేసు ఇంధనం పోస్తే బైకు పరుగెడుతుందా?

* ఆక్టేన్ సంఖ్యపై అపోహలే అధికం
* మార్పులు చేయని ఇంజినుకు బంకు పెట్రోలే చాలు
* సీసం కలిసిన ఇంధనంతో యంత్రానికీ ఆరోగ్యానికీ ముప్పు

హైదరాబాద్: గచ్చిబౌలి మైదానంలో 2025 డిసెంబరులో మట్టి గుట్టలు పోసి సూపర్‌క్రాస్ పోటీలు నిర్వహించారు. విదేశీ రైడర్లు 450 సీసీ బైకులతో గాలిలోకి లేచి మరో గుట్టపై వాలుతుంటే ప్రేక్షకులు కన్నార్పకుండా చూశారు. ఇలాంటి పోటీలు చూసిన యువకులకు సహజంగా కలిగే సందేహం ఒకటుంది. ఆ బైకుల్లో ఏ ఇంధనం పోస్తారు? దానినే తెచ్చి మన బైకులో పోస్తే అదే వేగం వస్తుందా? ఈ సందేహాన్ని ఆసరా చేసుకుని రేసు ఇంధనం పేరిట డబ్బాలు, ఆక్టేన్ పెంచే సీసాలు మార్కెట్లో తిరుగుతున్నాయి. కొనేముందు అసలు విషయం తెలుసుకోవడం మేలు.

ఆక్టేన్ అంటే బలం కాదు

పెట్రోలులోని శక్తిని ఆక్టేన్ సంఖ్య సూచిస్తుందని చాలామంది భావిస్తారు. వాస్తవానికి అది ఇంధనం ఒత్తిడిని ఎంతవరకు ఓర్చుకోగలదో తెలిపే కొలత. ఇంజినులో పిస్టన్ పైకి వచ్చి గాలి, పెట్రోలు మిశ్రమాన్ని అదుముతుంది. సరైన క్షణంలో స్పార్క్ ప్లగ్గు నిప్పురవ్వ వేయగానే మంట ఒకవైపు నుంచి మరోవైపునకు క్రమంగా వ్యాపించాలి. ఒత్తిడి, వేడి మితిమీరితే మంట చేరకముందే మూలనున్న మిశ్రమం తనంతట తానే భగ్గుమంటుంది. దీనినే మెకానిక్కులు నాకింగ్ అంటారు. ఇంజినులో గోళీలు దొర్లినట్లు టకటకమని శబ్దం వస్తుంది. అది ఎక్కువసేపు కొనసాగితే పిస్టన్ పైభాగం కరిగి గుంటలు పడుతుంది, రింగులు విరుగుతాయి.

ఈ ముప్పును తట్టుకునే గుణాన్ని కొలవడానికి రెండు రసాయనాలను కొలబద్దగా తీసుకున్నారు. సులువుగా నాకింగ్‌కు లోనయ్యే హెప్టేన్‌కు సున్నా, బాగా తట్టుకునే ఐసో ఆక్టేన్‌కు 100 అంకె ఇచ్చారు. 91 ఆక్టేన్ పెట్రోలు అంటే 91 పాళ్లు ఐసో ఆక్టేన్, 9 పాళ్లు హెప్టేన్ కలిపిన మిశ్రమంతో సమానంగా తట్టుకునేదని అర్థం. ఇందులో శక్తి ప్రస్తావనే లేదు. ఇథనాల్ ఇందుకు చక్కని ఉదాహరణ. దాని ఆక్టేన్ సంఖ్య సుమారు 108. అయినా లీటరుకు పెట్రోలుకన్నా మూడో వంతు తక్కువ శక్తినే ఇస్తుంది.

ఆ 91 వేరు, ఈ 91 వేరు

ఇంటర్నెట్‌లో అమెరికా రైడర్ల సలహాలు చదివి అనుసరించే వారు ఇక్కడే పొరబడుతున్నారు. మన దేశంలో బంకులపై కనిపించే అంకె రీసెర్చ్ ఆక్టేన్ సంఖ్య. మోటార్ ఆక్టేన్ అనే మరింత కఠినమైన పరీక్ష కూడా ఉంది. దానిలో అంకె తక్కువగా వస్తుంది. అమెరికా బంకుల్లో ఈ రెండింటి సగటును ప్రదర్శిస్తారు. అందువల్ల అక్కడి 91 మన లెక్కలో 95 లేదా 96కు సమానం. మన 91 అక్కడి లెక్కలో దాదాపు 87 మాత్రమే. విదేశీ డబ్బాపై 108 లేదా 110 అని ఉంటే అది ఏ పద్ధతిలో కొలిచినదో చూడకుండా మన బంకు అంకెతో పోల్చడం తగదు.

బీఎస్-6 ప్రమాణాల ప్రకారం సాధారణ పెట్రోలుకు కనీస ఆక్టేన్ 91, ప్రీమియం రకానికి 95. 2025 నాటికి బంకు పెట్రోలులో ఇథనాల్ వాటా 20 శాతానికి చేరింది. ఇథనాల్ కలిసిన మేరకు ఆక్టేన్ పెరిగి 95 దరిదాపులకు వస్తుంది. దీనికి మించి కావాలనుకునే వారి కోసం ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో ఎక్స్‌పీ 100 పేరిట 100 ఆక్టేన్ పెట్రోలును విడుదల చేసింది. ధర లీటరుకు పదుల రూపాయలు ఎక్కువ.

ఏ ఇంజినుకు ఎంత?

ఇంజినుకు ఎంత ఆక్టేన్ అవసరమో నిర్ణయించే అంశాల్లో ముఖ్యమైనది కంప్రెషన్ నిష్పత్తి. అంటే పిస్టన్ మిశ్రమాన్ని ఎన్ని వంతులు కుదిస్తుందన్న లెక్క. రాయల్ ఎన్‌ఫీల్డ్ పాత 411 సీసీ హిమాలయన్‌లో ఇది 9.5:1. కొత్త 450లో 11.5:1. పోటీల కోసమే తయారైన హోండా సీఆర్ఎఫ్ 450 ఆర్‌లో 13.5:1. ఇంత గట్టిగా అదిమే ఇంజినుకు ప్రత్యేక ఇంధనం తప్పనిసరి అని ఎవరైనా అనుకుంటారు. కానీ హోండా తన యజమానుల పుస్తకంలో కోరింది అమెరికా బంకుల్లో దొరికే 91 ప్రీమియం పెట్రోలునే. యమహా వైజడ్ 450 ఎఫ్‌కు కూడా మన లెక్కలో 95 ఆక్టేన్ ఉంటే సరిపోతుంది. దహన గది ఆకృతి, ఇంధనాన్ని చల్లే తీరు, స్పార్క్ సమయాన్ని నియంత్రించే కంప్యూటరు మెరుగుపడటమే ఇందుకు కారణం.

కర్మాగారం నుంచి వచ్చిన రేసు బైకుకే బంకు పెట్రోలు సరిపోతున్నప్పుడు, 9.5:1 నిష్పత్తి గల బైకులో 100 ఆక్టేన్ పోసినందువల్ల అదనంగా ఒరిగేదేమీ లేదు. కొన్ని ఖరీదైన కార్లలో నాకింగ్‌ను పసిగట్టే సెన్సర్ ఉంటుంది. మంచి ఇంధనం పోస్తే కంప్యూటరు స్పార్క్‌ను ముందుకు జరిపి ప్రయోజనం పొందుతుంది. మట్టిబాట బైకుల్లో చాలావాటికి ఆ ఏర్పాటు లేదు. ఇంజినుకు తేడా తెలియనప్పుడు ఖర్చు మాత్రమే మిగులుతుంది.

మరి రేసు జట్లు ఎందుకు వాడతాయి?

దీనికి మూడు కారణాలున్నాయి. మొదటిది ఇంజినులో చేసే మార్పులు. హెడ్డు చెక్కి, ఎత్తు పిస్టన్ వేసి, స్పార్క్ సమయం జరిపిన ఇంజినుకు బంకు పెట్రోలు ఆగదు. రెండోది నిలకడ. బంకు పెట్రోలు గుణం బ్యాచిని బట్టి, రుతువును బట్టి కొంత మారుతుంది. రేసు ఇంధనం డబ్బా తర్వాత డబ్బా ఒకేలా ఉంటుంది. కాబట్టి ఒకసారి చేసిన ట్యూనింగ్ తర్వాతి పోటీలోనూ పనికొస్తుంది. మూడోది మండే వేగం. నిమిషానికి 13,000 సార్లు తిరిగే ఇంజినులో పిస్టన్ పైనుంచి కిందికి దిగడానికి పట్టే కాలం సెకనులో వెయ్యోవంతులు రెండు మాత్రమే. అంతలోపు మంట పూర్తి కావాలి.

కొన్ని రేసు ఇంధనాల్లో ఆక్సిజన్ గల పదార్థాలు కలుపుతారు. నిజంగా కొంత శక్తి పెరిగేది వీటితోనే. కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి 14.7 కిలోల గాలి కావాలి. ఇంధనం తనతోపాటు ఆక్సిజన్ తెచ్చుకుంటే అంతే గాలిలో మరికొంత ఇంధనాన్ని మండించవచ్చు. అయితే ఆ మేరకు ఇంధన సరఫరా పెంచాలి. కార్బ్యురేటరు ఉంటే జెట్ మార్చాలి. ఫ్యూయల్ ఇంజెక్షన్ అయితే మ్యాపింగ్ మార్చాలి. ఏదీ చేయకుండా నేరుగా ట్యాంకులో పోస్తే మిశ్రమం పలచబడి ఇంజిను వేడెక్కుతుంది. లాభం కోసం పోసిన ఇంధనమే పిస్టన్‌ను బలి తీసుకుంటుంది. ఈ రకం ఇంధనాలు గాలిలోని తేమను సైతం పీల్చుకుంటాయి. అందుకే జట్లు పోటీ ముగియగానే ట్యాంకు ఖాళీ చేస్తాయి.

సీసంతో చెలగాటం

ఇంజినుకన్నా విలువైనది మరొకటి ఈ వ్యవహారంలో ముడిపడి ఉంది. అమెరికాలో అమ్మే వీపీ సంస్థ సీ 12 వంటి కొన్ని పేరొందిన రేసు ఇంధనాల్లో నేటికీ సీసం ఉంటుంది. చిన్న విమానాలకు వాడే 100 ఎల్ఎల్ పెట్రోలులోనూ లీటరుకు 0.56 గ్రాముల వరకు సీసం ఉండవచ్చు. నాకింగ్‌ను అరికట్టడంలో సీసం దిట్ట అని 1921లో జనరల్ మోటార్స్ ప్రయోగశాలలో థామస్ మిడ్‌గ్లీ గుర్తించారు. దాని పర్యవసానాన్ని ప్రపంచం దశాబ్దాలపాటు అనుభవించింది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. భారత్‌లో 2000 ఫిబ్రవరి నుంచి సీసం కలిసిన పెట్రోలు అమ్మకం నిలిచిపోయింది. 2021లో అల్జీరియా కూడా ఆపడంతో రోడ్డు వాహనాలకు ఆ ఇంధనం ప్రపంచమంతటా కనుమరుగైంది.

బీఎస్-6 బైకుల సైలెన్సరులో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. సీసం దానిపై పేరుకుంటే అది పనికిరాకుండా పోతుంది. ఆక్సిజన్ సెన్సర్‌దీ అదే గతి. అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య నిబంధనలు సైతం పోటీల్లో సీసం లేని ఇంధనాన్నే అనుమతిస్తున్నాయి. ఆక్టేన్ గరిష్ఠంగా 102. అమెరికాలో 2006 సూపర్‌క్రాస్ పోటీల సమయంలో రికీ కార్మైకేల్ బైకు ఇంధన నమూనాలో సీసం పరిమితి మించిందంటూ 25 పాయింట్లు కోశారు. అప్పీలు అనంతరం పాయింట్లు తిరిగి ఇచ్చి జరిమానాతో సరిపెట్టారు. దిగ్గజ రైడర్ల విషయంలోనే ఇంత పట్టింపు ఉన్నప్పుడు, ఊరి పొలిమేరలో, పిల్లలు ఆడుకునే చోట ఆ పొగ వదలడం ఎంతవరకు సబబో ఆలోచించాలి.

లద్దాఖ్ యాత్రికులకు

తెలుగు రాష్ట్రాల నుంచి లద్దాఖ్‌కు బైకులపై వెళ్లేవారు ఎత్తయిన కనుమల్లో ఇంజిను లాగడం లేదని ఆక్టేన్ సీసాలు వెంట తీసుకెళ్తుంటారు. ఖార్దుంగ్ లా వంటి చోట సముద్రమట్టంతో పోలిస్తే గాలి పీడనం దాదాపు సగమే. సిలిండరులోకి చేరే గాలి తగ్గడం వల్లే శక్తి సన్నగిల్లుతుంది. లోపలి ఒత్తిడి తగ్గినందున అక్కడ నాకింగ్ ముప్పు నిజానికి తక్కువ. అమెరికాలోని రాకీ పర్వత ప్రాంతాల్లో తక్కువ ఆక్టేన్ పెట్రోలు అమ్మే ఆనవాయితీ ఇందువల్లే వచ్చింది. లేని గాలిని ఏ సీసా తెచ్చివ్వలేదు. మే నెల ఎండలో మన ఇసుక దారుల్లో నెమ్మదిగా, ఎక్కువ గేరులో లాగించినప్పుడే నాకింగ్‌కు అవకాశం ఎక్కువ.

ఇవి పాటిస్తే చాలు

* బైకుతో ఇచ్చిన పుస్తకంలో లేదా ట్యాంకు మూత వద్ద రాసిన ఆక్టేన్ ఎంతో చూసుకోవాలి. అంతకు తగ్గకుండా పోయించాలి. మించి పోయించడం వల్ల ప్రయోజనం లేదు.

* గుట్ట ఎక్కేటప్పుడు టకటక శబ్దం వస్తే ముందు గేరు తగ్గించాలి. ఎయిర్ ఫిల్టరు, స్పార్క్ ప్లగ్గు, కూలెంటు, హెడ్డులో పేరుకున్న మసి తనిఖీ చేయించాలి. అప్పటికీ తగ్గకపోతే 95 లేదా ఆపై రకం పెట్రోలు వాడి చూడాలి.

* విదేశీ ఆక్టేన్ బూస్టర్ సీసాపై అయిదు పాయింట్లు పెరుగుతుందని ఉంటే చాలా సందర్భాల్లో అది సగం ఆక్టేనే. పది పాయింట్లు కలిస్తే ఒక ఆక్టేన్ అన్నది ఆ వ్యాపారంలోని లెక్క.

* కిరోసిన్ కల్తీ ఆక్టేన్‌ను దించేస్తుంది. రద్దీగా ఉండే, నమ్మకమైన బంకులోనే పోయించుకోవాలి.

* ఇథనాల్ కలిసిన పెట్రోలును నెలల తరబడి ట్యాంకులో ఉంచరాదు. తేమ ఎక్కువైతే నీరు, ఇథనాల్ విడిపోయి అడుగుకు చేరతాయి. వానాకాలంలో బైకు కదలకుండా ఉంటే ఈ జాగ్రత్త మరీ అవసరం.

* టూ స్ట్రోక్ బైకుల్లో ఆయిల్ కలిపిన పెట్రోలును ఏ రోజుకారోజు తయారు చేసుకోవడం మంచిది. ఆయిల్ పాళ్లు కంపెనీ చెప్పినట్లే ఉండాలి.

పోటీలో దిగే రైడరు, ఇంజిను మార్పులు చేయించుకున్న వారు అనుభవమున్న ట్యూనరు సలహాతో సీసం లేని రేసు ఇంధనం ఎంచుకోవచ్చు. మిగిలిన వారు ఆ డబ్బుతో ఎయిర్ ఫిల్టరు, మంచి టైర్లు, హెల్మెట్, మోకాలి కవచం కొనుక్కుంటే మట్టిబాటలో వేగమూ పెరుగుతుంది, ఇంటికి క్షేమంగా చేరతారు.