నడుంనొప్పి బిళ్ల నడుము దాకా వెళ్లదు

బిందె ఎత్తబోయి నడుం పట్టేసిందంటే, డాక్టరు నొప్పి బిళ్లతో పాటు కండరాల బిగువు తగ్గించే మందు కూడా ఒకటి రాస్తారు. టిజానిడిన్, క్లోర్‌జాక్సజోన్, థయోకాల్చికోసైడ్, బాక్లోఫెన్ ఈ కోవలోవే. ఇవి పట్టేసిన కండరాన్ని వెతుక్కుంటూ వెళ్లి వదులు చేస్తాయని చాలామంది అనుకుంటారు. కానీ వీటి పనంతా ప్రధానంగా వెన్నుపాములో, మెదడులో. బిగుసుకొమ్మని కండరానికి అందే సంకేతాలను అక్కడే తగ్గిస్తాయి. చాలావాటితో మగతగా ఉండేది అందుకే. మద్యం తోడైతే ఆ మగత ఇంకా ముదురుతుంది. బండి తాళాలు ఇంకొకరికి ఇవ్వాల్సిందే.

టిజానిడిన్ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఇది క్లోనిడిన్ అనే బీపీ మందుకు దగ్గరి చుట్టం. అందుకే బీపీని కూడా దించుతుంది. మంచం మీంచి గబుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి. మామూలుగా దీన్ని కాలేయంలోని సీవైపీ1ఎ2 అనే ఎంజైమ్ కొద్ది గంటల్లోనే విరిచేస్తుంది. ఆ ఎంజైమ్‌ను సిప్రోఫ్లాక్ససిన్ అడ్డుకుంటుంది. విరేచనాలు మొదలవగానే ఎవరినీ అడక్కుండా మన ఇళ్లలో వేసేసుకునే సిప్రో ఇదే! రెండూ ఒంట్లో కలిస్తే రక్తానికి అందే టిజానిడిన్ దాదాపు 10 రెట్లవుతుంది. వేసుకున్నది 2 మిల్లీగ్రాములే అయినా ఒంటికి 20 మిల్లీగ్రాముల దెబ్బ. బీపీ పడిపోతుంది, మనిషి మత్తులోకి జారిపోతాడు. మానసిక సమస్యలకిచ్చే ఫ్లూవోక్సమిన్‌తో అయితే ఇది 33 రెట్లు. ఈ రెండింటిలో దేనితోనూ టిజానిడిన్ వాడనే కూడదు. ఎముకల డాక్టరు ఒకటి, ఫిజీషియన్ ఇంకొకటి రాసినప్పుడు ఈ జోడీ ఎవరి కంటా పడకుండా ఇంటికి చేరే ప్రమాదముంది.

ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడినవారు టిజానిడిన్‌ను ఒక్కసారిగా మానేసినా చిక్కే: బీపీ, గుండె వేగం ఎగబాకుతాయి. బాక్లోఫెన్‌ను హఠాత్తుగా ఆపితే భ్రమలు, మూర్ఛలు కూడా రావచ్చు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

థయోకాల్చికోసైడ్‌కు ముడిసరుకు తమిళనాడులో పండించే అడవినాభి గింజల నుంచి కూడా వస్తుంది. దీని నుంచి శరీరంలో తయారయ్యే ఒక పదార్థం, విభజన చెందే కణాల్లో క్రోమోజోముల లెక్క తప్పించగలదని తేలింది. అందుకే ఐరోపా ఔషధ సంస్థ 2013లో పరిమితులు సూచించింది. బిళ్లలైతే 12 గంటలకు 8 మిల్లీగ్రాములు, అదీ 7 రోజులే. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, 16 ఏళ్లలోపు వారికి వద్దు.

క్లోర్‌జాక్సజోన్ మన దగ్గర ఎక్కువగా ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్‌తో కలిసిన ఒకే బిళ్లగా దొరుకుతుంది. అది వేసుకుంటూనే జ్వరానికని విడిగా ఇంకో పారాసిటమాల్ మింగేవారున్నారు. స్ట్రిప్ వెనకాల చిన్న అక్షరాలు చదివితే ఈ పొరపాటు జరగదు.

బాక్లోఫెన్‌లో అధిక భాగం మూత్రం ద్వారానే బయటికి పోవాలి. కిడ్నీలు పాడైనవారిలో అది పేరుకుపోయి, మామూలు మోతాదుకే మతి తప్పవచ్చు, స్పృహ కోల్పోవచ్చు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వంటి చోట్ల ఇది మరీ ముఖ్యం. మీ క్రియాటినిన్ రిపోర్టునూ, ఇప్పటికే వాడుతున్న మందులన్నిటినీ డాక్టరు ముందు పెట్టండి. పక్కింటివాళ్ల నడుంనొప్పికి పనిచేసిన బిళ్లను మాత్రం అడిగి తెచ్చుకోకండి.