వంజరం ఒకటి కాదు, మూడు! చేప ముక్కలో దాగిన లెక్క

దేవరాపల్లి: ఆదివారం మా ఊళ్లో చేపల బుట్టల దగ్గర ఎక్కువగా వినపడే ప్రశ్న ఒకటే, "ఇది వంజరమేనా?" ఐస్‌లో వచ్చిన చేపకి తల, తోక తీసేసి ముక్కలు కోశాక అమ్మేవాళ్ల మాట నమ్మడం తప్ప మనం చేసేదేమీ లేదు. కానీ ఆ ముక్కలో కూడా చేప పేరు ఉంటుంది. దాన్ని బయటపెట్టేవే డీఎన్ఏ మార్కర్లు.

ముక్కని ఎలా చదువుతారు?

చేప కణాల్లోని మైటోకాండ్రియాలో సీఓఐ అనే జన్యువు ఉంది. అందులో సుమారు 650 అక్షరాల భాగం ఒకే జాతి చేపల్లో దాదాపు ఒకేలా, వేరే జాతిలో తేడాగా ఉంటుంది. 2003లో కెనడాలోని గ్వెల్ఫ్ యూనివర్సిటీకి చెందిన పాల్ హెబర్ట్ బృందం దీన్ని బార్‌కోడ్‌లా వాడొచ్చని చెప్పింది. గోరంత కండ చాలు. ల్యాబ్‌లో ఆ భాగానికి కోట్ల కాపీలు తీసి, అక్షరాలు చదివి, తెలిసిన చేపల జాబితాతో పోలుస్తారు. జాబితాలో లేని చేపైతే పేరు దొరకదు. అప్పుడు మళ్లీ చేపనే పట్టుకుని ముళ్లు, రెక్కలు, కొలతలు చూడాల్సిందే.

మూడు సరుకులు, ఒకే ఖాతా

చుక్కల వంజరం విషయంలో ఈ రెండు పనులూ కలిపే చేశారు. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్త ఇ.ఎం. అబ్దుస్సమద్ బృందం 2023లో ఆ వివరాలు ప్రచురించింది. ఇన్నాళ్లూ ఒక్కటే అనుకున్నది నిజానికి మూడు జాతులని తేలింది. అందులో ఒకటి పూర్తిగా కొత్తది, అరేబియా సముద్రం వైపు దొరుకుతుంది. మిగతా రెండూ మన బంగాళాఖాతంలోనివే. వాటిలో ఒకదానికి రసెల్ పేరు ఉంది. ఆయన విశాఖలో పనిచేసిన ప్యాట్రిక్ రసెల్. విశాఖలో సేకరించిన 200 చేపల గురించి ఆయన రాసిన పుస్తకం 1803లో లండన్‌లో అచ్చయింది. మన జాలర్లు పిలిచే పేర్లనే అందులో రాసుకున్నారు.

పేరు మారితే మనకేంటి అంటారా? నేను చదివింది బీకామ్, ఆ లెక్కలోనే చెప్తాను. మూడు సరుకుల్ని ఒకే ఖాతాలో రాస్తే మొత్తం స్టాక్ బాగానే కనపడుతుంది. లోపల ఒక సరుకు అయిపోతున్నా ఎవరికీ తెలీదు. సముద్రంలోనూ అంతే.

జాతి ఒకటే, గుంపులెన్ని?

ఒకే జాతిలో గుంపులు వేరా కాదా అని తేల్చడానికి సీఓఐ ఒక్కటే సరిపోదు. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది కాబట్టి తండ్రి వైపు లెక్క అందులో ఉండదు. అందుకే మైక్రోశాటిలైట్లు కూడా చూస్తారు. అంటే తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే డీఎన్ఏలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న ముక్కలు. అవి ఎన్నిసార్లు వస్తున్నాయో రెండు చోట్ల పోల్చి చూస్తే, ఆ గుంపులు కలుస్తున్నాయో లేదో తెలుస్తుంది.

హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఆలివ్ రిడ్లే తాబేళ్ల డీఎన్ఏని కూడా పోల్చి చూశారు. 2004లో ఫలితాలు వచ్చాయి. ఒడిశాలో వేలల్లో వచ్చి గుడ్లు పెట్టేవీ, తూర్పు తీరంలో మిగతాచోట్ల ఒంటరిగా పెట్టేవీ వేరు కాదని తేలింది. అంటే మన తీరంలో వలకి చిక్కి చనిపోయే తాబేలు ఒడిశాకీ నష్టమే.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట ఆపుతారు. గుడ్లు పెట్టే చేపల్ని కాపాడటానికే ఇది. కానీ ఏ జాతి ఎంత మిగిలిందో తెలియాలంటే ముందు దాన్ని వేరుగా లెక్కపెట్టాలి. ఆ లెక్క తప్పితే వేట మీద బతికే జాలరికీ నష్టమే, వంజరం అడిగి కొనే మనకీ నష్టమే.