చప్పుడు లేని బొమ్మల పెట్టె

ఇంట్లో సినిమా చూడటానికి కంప్యూటరు తయారు చేసుకోవడం గురించి వ్యాసమంటే, "ఇందులో వ్రాయడానికేముంది? ఒక పెట్టె కొని టీవీకి తీగ తగిలిస్తే సరి" అనుకునేవారు మీలో వుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. మా నాన్న ఒప్పుకోలేదు.

మా నాన్న 1970లలో నాగర్‌కర్నూల్ దిక్కు టూరింగ్ టాకీసులో ఆపరేటరు. కార్బను కడ్డీల వెలుగులో, ఆ యంత్రాల రొద పక్కన యేళ్ళు గడిపిన మనిషి. ఇప్పుడు చెవులు మందగించాయి. 2023లో గద్వాలలోని మా ఇంటి హాల్లో, సికింద్రాబాదు నుంచి తెచ్చిన ఒక పాత ఆఫీసు కంప్యూటరును టీవీకి తగిలించి, ఆయనకిష్టమైన పాత సినిమా పెట్టాను. పది నిమిషాలు చూసి, "ఏంరా, బొమ్మ చూసుడేనా, గిర్ని కాడ కూసునుడా ఇది?" అన్నాడు.

నవ్వొచ్చింది గాని, ఆ మాటలో శాస్త్రం వుంది. వయసు మీదపడ్డ చెవికి మొదట దూరమయ్యేవి హెచ్చు పౌనఃపున్యాల ధ్వనులు. మాటలో స, శ, త, క వంటి హల్లులకు స్పష్టత నిచ్చేవి ఎక్కువగా అవే. ఫ్యాను హోరు వాటిని మరింత కప్పేస్తుంది. టీవీ సౌండు పెంచితే మాటతో పాటు నేపథ్య సంగీతం కూడా పెరుగుతుంది. మాట మాత్రం తేలదు. మనకు చిరాకు కలిగించే చప్పుడు ఆయనకు సినిమానే లేకుండా చేస్తోందన్నమాట.

"మిషిన్ల సప్పుడు జనానికి ఇనపడొద్దు. గందుకే గద మేము క్యాబిన్‌ల వుండేది" అని ఉపాయం కూడా ఆయనే చెప్పాడు. సరేనని 800 రూపాయలు పెట్టి పది మీటర్ల హెచ్‌డిఎంఐ తీగ కొని, పెట్టెను పక్క గదిలో పెట్టాను. ఆ గదిలో మా అమ్మ పడుకుంటుంది. ఆ రాత్రి ఆమెకు నిద్ర లేదు. చప్పుడును గది మార్చానే గాని పోగొట్టలేదు. ఇక దాని పుట్టుక దగ్గరే పట్టుకోవాలని తేలిపోయింది.

చప్పుడు ఎక్కడ పుడుతుంది? ప్రాసెసరు మీది ఫ్యాను, కరెంటు సరఫరా పెట్టెలోని ఫ్యాను, గ్రాఫిక్స్ కార్డు వుంటే దాని ఫ్యాను, హార్డ్ డిస్కు, వీటన్నిటి అదురుకు మోగే రేకు డబ్బా. వీటిలో దేన్ని ముందు పట్టాలి? డెసిబెల్ లెక్క చిత్రమైనది. సమానంగా హోరెత్తే రెండు ఫ్యాన్లలో ఒకటి ఆపేస్తే చప్పుడు సగమైనట్లు వినపడదు. తగ్గేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి సగమైనట్లు తోచాలంటే సుమారు 10 డెసిబెల్స్ తగ్గాలి. కనుక అన్నిటికంటే పెద్ద గొంతు వున్నదాన్ని ముందు మూయించాలి. దాన్ని వదిలేసి చిన్నవాటితో కుస్తీ పడితే డబ్బు దండుగ.

మా పెట్టెలో పెద్ద గొంతు పాత గ్రాఫిక్స్ కార్డుది. దాన్ని తీసి పక్కన పెట్టాను. సినిమా చూడటానికి అది అక్కరలేదు. కారణం చెబుతాను. 1920 × 1080 చుక్కల బొమ్మ సెకనుకు 24 సార్లు మారితే, సెకనుకు సుమారు 5 కోట్ల చుక్కలు గీయాలి. అందుకే సినిమాను కుదించి దాస్తారు. ఆ కుదింపు పద్ధతుల్లో హెచ్.264 (2003), హెచ్ఇవిసి (2013), ఎవి1 (2018) ముఖ్యమైనవి. ఆ మూటను ప్రాసెసరు మామూలు దారిలో విప్పితే చెమటోడుస్తుంది, వేడెక్కుతుంది, ఫ్యాను అరుస్తుంది. అదే పనికి చిప్పులోనే ప్రత్యేకంగా కట్టిన సర్క్యూటు వుంటే అతి కొద్ది కరెంటుతో విప్పేస్తుంది. 2017 ప్రాంతంలో వచ్చిన ఇంటెల్ ఏడవ తరం కోర్ ప్రాసెసర్లలో 10 బిట్ల హెచ్ఇవిసిని విప్పే సర్క్యూటు వుంది. ఎవి1 కావాలంటే పదకొండవ తరం గాని, 2023లో వచ్చిన ఎన్100 వంటి చిన్న చిప్పు గాని చూసుకోవాలి. పాత కంప్యూటరు కొనేవారు గిగాహెర్ట్జ్‌ల కంటే ముందు అడగవలసింది ఈ తరం సంగతే.

తర్వాత దుమ్ము. మన పాలమూరు దుమ్ము సంగతి మీకు చెప్పనక్కరలేదు. ప్రాసెసరు ఫ్యాను విప్పి చూస్తే కింది రేకుల మధ్య దుమ్ము దూది పరుపులా పేరుకుని వుంది. మధ్యన వుండవలసిన పేస్టు ఎండి బెరడు కట్టింది. ప్లగ్గు పీకేసి, రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని, మెత్తని కుంచెతో శుభ్రం చేసి కొత్త పేస్టు పూశాను. కరెంటు సరఫరా పెట్టెను మాత్రం ఎవరూ విప్పకండి. ప్లగ్గు తీసినా అందులోని కెపాసిటర్లలో ప్రాణాపాయమైన విద్యుత్తు నిలవ వుంటుంది.

ఇక గాలి. వనపర్తి రాజప్రాసాదంలో వెలసిన పాలిటెక్నిక్‌లో చదివిన నా మిత్రుడొకడు వచ్చి, వెనక రేకు కోసి, 80 మిల్లీమీటర్ల ఫ్యాను స్థానంలో 120 మిల్లీమీటర్లది బిగించాడు. లెక్క ప్రకారం ఒకే వేగంతో తిరిగితే, అదే మచ్చున చేసిన పెద్ద ఫ్యాను మూడు రెట్ల పైచిలుకు గాలి తోస్తుంది. కనుక దాన్ని బాగా నెమ్మదిగా తిప్పినా పని జరుగుతుంది. ఫ్యాను వేగం సగమైతే దాని చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. ఈ పనిలో అసలు కిటుకు ఇదే: చిన్నది ఉరకడం కంటే పెద్దది నడవడం మేలు.

"అసలు ఫ్యానే లేకపోతే?" అంటారేమో. చలిదేశాల పుస్తకాలు అదే చెబుతాయి. కాని వేడి ఎంత బయటికి పోతుందనేది చిప్పుకూ గదికీ మధ్య తేడాను బట్టి వుంటుంది. చిప్పు 80 డిగ్రీలు, గది 22 డిగ్రీలు అయితే తేడా 58. మే నెలలో మన గది 40 అయితే తేడా 40 మాత్రమే. అంటే అదే లోహపు దిమ్మె ఇక్కడ మూడింట రెండు వంతుల పనే చేస్తుంది. కనుక ఫ్యాను లేని పెట్టె ఎన్100 వంటి అతి తక్కువ కరెంటు చిప్పులకే తగును. తక్కినవాటికి నెమ్మది ఫ్యానే క్షేమం. పెట్టెను షోకేసులో పెట్టి అద్దం మూసేయడం మాత్రం చేయకండి.

హార్డ్ డిస్కు తీసి తిరిగే భాగాలేవీ లేని ఎస్ఎస్‌డి పెట్టాను. సినిమాలు, మా అక్క పెళ్ళి డీవీడీ, కళాశాల వార్షికోత్సవాల వీడియోలు దాచిన పెద్ద డిస్కు కింద పాత సైకిలు ట్యూబు ముక్కలు వేశాను. డిస్కు అదురు బల్లకు పాకడం మానింది.

సాఫ్ట్‌వేరుకు పైసా ఖర్చు లేదు. 2002లో ఎక్స్‌బాక్స్ ఆటల పెట్టె కోసం మొదలై, 2014లో కోడి అని పేరు మార్చుకున్న ప్రోగ్రాము వుంది. దాన్ని లిబ్రెఎలెక్ అనే చిన్న లినక్సుతో వేస్తే మీట నొక్కగానే నేరుగా సినిమాల పట్టికే వస్తుంది. ఫోనునే రిమోటుగా వాడవచ్చు. ఇందులో మా నాన్నకు పనికొచ్చిన ఏర్పాటు ఒకటుంది. ఆరు చానళ్ళ ధ్వనిలో మాటలు ఎక్కువగా మధ్య చానల్లో వుంటాయి. రెండు స్పీకర్లకు కలిపినప్పుడు అవి పలచబడతాయి. కోడిలో ఆ మధ్య చానల్‌ను మాత్రమే కాస్త పెంచుకోవచ్చు. ఒక లోటు కూడా చెప్పాలి: కొన్ని ఓటీటీ సంస్థలు ఇలాంటి కంప్యూటరుకు పూర్తి నాణ్యత గల బొమ్మ ఇవ్వవు. వాటికి టీవీలోని యాప్ వాడుకోవడమే నయం.

ఖర్చు చూద్దాం: కంప్యూటరు 9,500, ఎస్ఎస్‌డి 1,600, పేస్టు 200, ఫ్యాను 500, తీగ లేని కీబోర్డు 900, నా తెలివితక్కువకు మూల్యమైన పొడుగు తీగ 800, వెరసి 13,500 రూపాయలు. ఇవి 2023లో నాకు పడిన ధరలు. మీకు కాస్త అటూ ఇటూ కావచ్చు.

పెట్టె మళ్ళీ హాల్లోకి వచ్చింది. వేసవిలో కూలరు రొద ముందు మా కష్టమంతా ఎవరికీ తెలియదనుకోండి! చలికాలపు రాత్రి, పంకా ఆపినప్పుడు తెలిసింది. సినిమా మొదలై పావుగంటయినా నాన్న ఏమీ అనలేదు. చివరికి లేచి పెట్టె మీద చెయ్యి వేసి చూశాడు. "నడుస్తనే వుందా?" అన్నాడు. తిరిగి కూర్చుని, తెర మీది మనిషి కంటే ఒక్క క్షణం ముందుగా ఆ మాట తానే అనేసి నవ్వాడు. అమ్మ పక్క గదిలో నిద్రపోతోంది.

ఆఫీసుల్లో, ప్రయోగశాలల్లో "పాతబడింది" అని మూలన పడేసిన కంప్యూటర్లు మన చుట్టూ ఎన్నో వున్నాయి. అడిగి ఒకటి తెచ్చుకుని, దుమ్ము దులిపి, కుంచె పట్టి మొదలుపెట్టండి. పుస్తకంలో చదివిన ఉష్ణవహనం, ధ్వనిశాస్త్రం చేతికి తగులుతాయి. మీ ఇంట్లోనూ మాట సరిగా వినపడని పెద్దవారొకరు వుండే వుంటారు. వారికి ఒక్క సినిమా మాటలతో సహా అందితే నా ఈ వ్యాసం సార్థకమైనట్లే.